‘ఈ మధ్య ఏ పని మానేశారు?’: ఎనిమిది రోజుల్లో రెండుసార్లు క్యాజువాల్టీకి వచ్చిన ఒక పెద్దావిడ కేసు

కోస్తా ప్రాంతంలోని ఒక బోధనాసుపత్రి అత్యవసర విభాగంలో, అందరూ క్యాజువాల్టీ అని పిలిచే చోట, నేను పనిచేస్తున్నాను. ఇక్కడ రాస్తున్న కేసులో అరుదైన జబ్బేదీ లేదు. ఎనిమిది రోజుల తేడాతో మా దగ్గరికి రెండుసార్లు వచ్చిన ఒక పెద్దావిడలోని బలహీనతను మొదటిసారి మేము ఎందుకు పసిగట్టలేకపోయామో, రెండోసారి ఏ ప్రశ్నలు పనికివచ్చాయో, ఏవి పనికిరాలేదో నమోదు చేయడమే ఉద్దేశం. కుటుంబం అనుమతితో రాస్తున్నాను. వయసు, ఊరు, బంధుత్వాలు, తేదీలు గుర్తుపట్టే వీలు లేకుండా మార్చాను. చికిత్స నడిచిన క్రమాన్ని మాత్రం మార్చలేదు.

నేపథ్యం

ఓపీ చీటీ ప్రకారం ఆవిడ వయసు 76 ఏళ్లు. భర్త పోయి చాలా కాలమైంది. పట్టణానికి పాతిక కిలోమీటర్ల దూరంలోని ఊళ్లో, సొంత ఇంట్లో ఒక్కరే ఉంటారు. కొడుకు కుటుంబంతో హైదరాబాదులో స్థిరపడ్డాడు. రోజూ ఫోన్ చేస్తాడు, రెండు నెలలకోసారి మందులు కొని కొరియర్‌లో పంపిస్తాడు. పక్కింట్లో వరసకు కూతురయ్యే ఒక మహిళ ఉన్నారు, ఈవిడను పిన్ని అని పిలుస్తారు. పదిహేనేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. రెండు కళ్లకూ శుక్లాలు వచ్చినా ఆపరేషన్ చేయించుకోలేదు. అరికాళ్ల మంటలకు కూడా ఏదో మాత్ర వాడుతున్నారు.

మా విభాగం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. వచ్చిన ప్రతి రోగినీ ట్రయాజ్ నర్సు నాడి, బీపీ, ఆక్సిజన్, స్పృహ చూసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీల్లో ఒకటి కడుతుంది. యాక్సిడెంట్లకు, పాముకాట్లకు, గుండెపోట్లకు ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. పెద్దవాళ్ల విషయంలో దాని లోపాలు తెలుసు కాబట్టే, ఈ కేసుకు రెండు నెలల ముందు ఐసార్ అనే ఆరు ప్రశ్నల ఫారాన్ని ప్రవేశపెట్టాం. కెనడాలోని మాంట్రియల్ ఆసుపత్రుల్లో 65 ఏళ్లు దాటిన రోగుల కోసం రూపొందించి, 1999లో ప్రచురించిన సాధనమది. జబ్బుకు ముందు రోజూ ఎవరి సాయమైనా కావలసివచ్చేదా, జబ్బు చేశాక ఇంకా ఎక్కువ సాయం కావలసివస్తోందా, గత ఆరు నెలల్లో ఆసుపత్రిలో చేరారా, చూపు మామూలుగా బాగుంటుందా, జ్ఞాపకశక్తిలో పెద్ద ఇబ్బంది ఉందా, రోజూ మూడు కంటే ఎక్కువ రకాల మందులు వాడుతున్నారా అన్నవి ఆ ఆరు ప్రశ్నలు. రెండు లేదా అంతకు మించి మార్కులు వస్తే, ఇంటికి పంపేముందు ఆ మనిషిని మరింత శ్రద్ధగా చూడాలి. ప్రశ్నలను నేనే తెలుగులోకి మార్చాను. ఆ మార్పులోని లోపం ఈ కేసులో బయటపడింది కాబట్టి ఈ సంగతి ముందే చెబుతున్నాను.

మొదటిసారి

ఏప్రిల్ నెలాఖరు, ఎండలు ముదిరిన రోజులు. దొడ్లో కాలు జారి పడ్డారని పక్కింటావిడ, ఒక కుర్రాడు కలిసి ఆటోలో తీసుకువచ్చారు. కుడి తుంటి దగ్గర నొప్పి, ‘కాస్త నీరసం’ అన్నవే ఫిర్యాదులు. నాడి 78, బీపీ 118/70, గ్లూకోమీటర్‌లో షుగరు 104. ఆకుపచ్చ పట్టీ, అంటే తొందరేమీ లేదని, కట్టారు. తుంటి ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు కనిపించలేదు. ఒక సలైన్ బాటిల్ ఎక్కించి, ఏసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన నొప్పి మాత్రలు పూటకొకటి చొప్పున రోజుకు రెండు, వారం రోజులకు రాసి ఇంటికి పంపాం. చీటీ మీద సంతకం నాది.

ఐసార్ ఫారం కూడా నింపారు. పెద్దావిడకు సరిగా వినిపించడం లేదని హౌస్ సర్జన్ ఆవిడ చెప్పిన నంబరుకు ఫోన్ చేసి, కొడుకును అడిగి టిక్కులు పెట్టాడు. అమ్మ పనులన్నీ అమ్మే చేసుకుంటుంది, ఆసుపత్రిలో ఎప్పుడూ చేరలేదు, జ్ఞాపకశక్తి మా అందరికంటే బాగుంది, మందులు షుగరుకూ బీపీకీ రెండే అని ఆయన చెప్పాడు. చూపు ప్రశ్నకు మాత్రం శుక్లాలున్నాయని నిజం చెప్పాడు. మొత్తం ఒక మార్కు. ప్రమాదం లేదని ఫారం తేల్చింది.

ఇప్పుడు ఆ చీటీని తిరిగి చదివితే, ప్రతి అంకె పక్కనా ఒక ప్రశ్న ఉండవలసింది అనిపిస్తుంది. బీపీ 118 అన్నది చూడడానికి చక్కటి అంకె. కాని ఆవిడ సంచిలో ఉన్న పాత చీటీల్లో బీపీ 150కి తగ్గిన సందర్భమే లేదు. గాయపడిన 65 ఏళ్లు దాటినవారిలో సిస్టాలిక్, అంటే బీపీలోని పై అంకె, 110కి దిగువన ఉంటే షాక్‌గా (ఒంట్లో రక్తప్రసరణ పడిపోయిన స్థితిగా) అనుమానించాలని ట్రామా మార్గదర్శకాలు చెబుతాయి; ఆవిడ ఆ గీతకు కొంచెం ఇవతల ఉన్నారు, అంతే. ఎందుకు పడ్డారన్నది ఎవరూ అడగలేదు, ‘జారి పడ్డారు’ అన్న మాటతో తృప్తి పడ్డాం. నిలబెట్టి బీపీ చూడలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆవిడను ఒక్క అడుగు కూడా వేయించి చూడలేదు: స్ట్రెచర్ మీద లోపలికి వచ్చారు, స్ట్రెచర్ మీదే ఆటో దాకా వెళ్లారు. ఎక్స్‌రేలో కనిపించకుండా తుంటి ఎముక విరిగి ఉండవచ్చని విద్యార్థులకు పాఠం చెప్పే నేను, నడిపించకుండా పంపిన కాగితం మీద సంతకం పెట్టాను. ఆవిడ ఎముక విరగకపోవడం మా అదృష్టం.

రెండోసారి

ఎనిమిది రోజుల తర్వాత రాత్రి పదకొండు గంటలకు 108 అంబులెన్సులో వచ్చారు. పొద్దుటి నుంచి మాట్లాడడం లేదని, లేపితే కళ్లు తెరిచి మళ్లీ నిద్రలోకి జారుకుంటున్నారని పక్కింటావిడ చెప్పారు. షుగరు 38, బీపీ 96/60. ఇరవై అయిదు శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) 100 మిల్లీలీటర్లు ఇవ్వగానే కళ్లు తెరిచి, ‘ఇదెక్కడ నాయనా’ అన్నారు. షుగరు 162కి చేరింది. అప్పటికి హైదరాబాదు నుంచి బయలుదేరిన కొడుకు, షుగరు పడిపోయింది అంతే కదా, తెల్లారాక ఇంటికి తీసుకువెళ్తానని ఫోన్‌లో అన్నాడు. డ్యూటీ డాక్టర్ కూడా దాదాపు ఒప్పుకున్నాడు.

ఒప్పుకోకపోవడానికి నాకు కనిపించిన కారణం ఒక్కటే: ఎన్నో ఏళ్లుగా అవే మాత్రలు వేసుకుంటున్న మనిషికి షుగరు ఈరోజే ఎందుకు పడిపోవాలి? తిండి తగ్గి ఉండాలి, లేదా మాత్ర పెరిగి ఉండాలి, లేదా మాత్రను బయటికి పంపే కిడ్నీ దెబ్బతిని ఉండాలి. ఈ మూడింటిలో ఏది నిజమైనా, ఒక డెక్స్‌ట్రోజ్ సీసాతో తీరే విషయం కాదు. పక్కింటావిడను ఇంటికి పంపి మందుల సంచి మొత్తం, ఖాళీ అట్టలతో సహా తెప్పించాం. ఆ రాత్రి చేసిన పరీక్షలన్నిటికంటే ఎక్కువ చెప్పింది ఆ సంచే.

షుగరుకు పీహెచ్‌సీ నుంచి తెచ్చుకున్న గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ విడివిడి మాత్రలు ఒక కవర్లో ఉన్నాయి. కొడుకు పంపిన, ఆ రెండూ కలిసిన మాత్ర వేరే పేరుతో మరో కవర్లో ఉంది. ఆవిడ రెండూ వేసుకుంటున్నారు. ఒకటి సర్కారు మందు, ఇంకొకటి అబ్బాయి పంపిన మందు, ఆవిడ లెక్కలో అవి వేర్వేరు. బీపీకి టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర ఉంది. అరికాళ్ల మంటలకు రాత్రిపూట ఎమిట్రిప్టిలిన్ 25 మిల్లీగ్రాములు. వాటి మీద మేము రాసిన నొప్పి మాత్రల అట్ట, పూర్తిగా ఖాళీగా ఉంది. కొడుకు లెక్కలోని ‘రెండే మందులు’ విడదీసి చూస్తే ఏడు రసాయనాలయ్యాయి.

రక్త పరీక్షల్లో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.7, యూరియా 96 వచ్చాయి, రెండూ బాగా ఎక్కువ; సోడియం 122, బాగా తక్కువ; పొటాషియం 5.4, కాస్త ఎక్కువ. జరిగినదాని క్రమం అప్పుడు అర్థమైంది. బీపీ మాత్రలోని థయజైడ్ మూత్రం ద్వారా ఉప్పునూ నీటినీ బయటికి పంపుతుంది. ఎండల్లో తిండీ నీళ్లూ తగ్గిన మనిషికి అదే ఎక్కువ. కిడ్నీకి రక్తం తగ్గినప్పుడు లోపలికి వచ్చే నాళాన్ని తెరిచి ఉంచే పనిని ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు చేస్తాయి, నొప్పి మాత్ర వాటిని ఆపేస్తుంది. బయటికి పోయే నాళాన్ని బిగించి వడపోతకు ఒత్తిడి నిలిపే పనిని టెల్మిసార్టాన్ ఆపేస్తుంది. మూడూ కలిస్తే వడపోత పడిపోతుంది. కిడ్నీ మందగించడంతో, ముందే రెండింతలుగా వేసుకుంటున్న గ్లిమెపిరైడ్ ప్రభావం ఒంట్లో నిలిచిపోయింది. అప్పటికి ఆ గొలుసులో రెండు కొక్కేలు తగిలి ఉన్నాయి, మూడోది మేము తగిలించాం.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. సంచిలో రెండు నెలల కిందటి రిపోర్టు ఒకటి దొరికింది, క్రియాటినిన్ 1.2. ల్యాబ్ దాన్ని నార్మల్ అని ముద్రించింది. ఆవిడ బరువు 41 కిలోలు. వయసు, బరువు వేసి కాక్‌క్రాఫ్ట్ సూత్రంతో లెక్కగడితే వడపోత నిమిషానికి దాదాపు 26 మిల్లీలీటర్లు మాత్రమే వస్తుంది. కండ కరిగిన ఒంట్లో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ కాబట్టి, అంకె మంచిగా కనిపించింది. అంటే మొదటిసారి వచ్చేనాటికే ఆవిడకు మెట్‌ఫార్మిన్ ఇవ్వదగిన స్థితి లేదు, నొప్పి మాత్ర ఇవ్వదగిన స్థితి అసలే లేదు.

మొదటి రాత్రి నిర్ణయాలు

గ్లిమెపిరైడ్ వల్ల పడిన షుగరు మళ్లీ మళ్లీ పడుతుంది కాబట్టి కనీసం ఒక పూర్తి రోజు గంటగంటకూ చూడాలనుకున్నాం. రెండు గంటలకే 61కి దిగింది. మామూలుగా అయితే పది శాతం డెక్స్‌ట్రోజ్ నిరంతరంగా ఎక్కిస్తాం. కాని సోడియం 122 ఉన్న మనిషికి ఒట్టి డెక్స్‌ట్రోజ్ నీళ్లు ఎక్కిస్తే, చక్కెర ఖర్చయ్యాక మిగిలేది నీరే. సోడియం ఇంకా పడుతుంది. అందుకని సలైన్‌తో కలిసిన డీఎన్‌ఎస్ బాటిళ్లు నడుపుతూ, షుగరు 80కి దిగినప్పుడల్లా ఇరవై అయిదు శాతం డెక్స్‌ట్రోజ్ కొద్దికొద్దిగా ఇచ్చాం. దీనికి రెండో చిక్కు ఉంది: ఒంట్లో ద్రవం నిండగానే కిడ్నీలు ఆపి ఉంచిన నీటిని ఒక్కసారిగా వదిలేస్తాయి, సోడియం జోరుగా పెరుగుతుంది, అది మెదడుకు ప్రమాదం. రోజుకు 8 పాయింట్లు దాటనివ్వకూడదని హద్దు పెట్టుకుని ఆరు గంటలకోసారి పరీక్ష చేశాం. 24 గంటలకు 129 వచ్చింది. పడిన చరిత్ర ఉంది కాబట్టి తల సీటీ తీశాం, రక్తస్రావం లేదు.

షుగరు బాగున్నా ఆవిడ మాట పొందికగా లేదు. మతిభ్రమను కొలిచే ఫోర్-ఏ-టీ పరీక్ష చేశాం. వయసు, పుట్టిన తేదీ, ఉన్న చోటు, సంవత్సరం చెప్పమనాలి. నెలలను వెనక్కి చెప్పమనాలి. మెలకువ ఎలా ఉంది, మార్పు హఠాత్తుగా వచ్చిందా అన్నవి చూడాలి. నాలుగు లేదా అంతకు మించి మార్కులు వస్తే డెలీరియం, అంటే హఠాత్తుగా వచ్చే మతిభ్రమ, ఉండవచ్చు. మా ప్రాంతపు పెద్దవాళ్లతో ఈ పరీక్ష చేసినవారికి చిక్కు వెంటనే తెలుస్తుంది. ఆధార్ కార్డు మీద జనవరి 1 అని ఉన్న మనిషికి పుట్టిన తేదీ ఎలా తెలుస్తుంది? ‘పెద్ద గాలివాన ఏడాది పుట్టాను’ అనే జవాబును తప్పుగా లెక్కించడం అన్యాయం. నెలలకు బదులు శనివారం నుంచి వారాలు వెనక్కి చెప్పమంటున్నాం. అది ప్రామాణిక రూపం కాదు, మేము చేసుకున్న సర్దుబాటు. ఈవిడ శని, శుక్రవారాల దగ్గరే ఆగిపోయి కళ్లు మూసుకున్నారు. నిర్ణయాన్ని తేల్చింది మాత్రం పక్కింటావిడ మాట: ‘మా పిన్ని ఇలా ఉండే మనిషి కాదండీ, నిన్న మొన్నటి నుంచే ఇలా.’ గొడవ చేయకుండా మగతగా పడి ఉండే డెలీరియం ఇది. అల్లరి చేసే రోగి అందరికీ కనిపిస్తాడు, మూల మంచం మీద నిద్రపోయే పెద్దావిడ ఎవరికీ కనిపించదు.

రెండో రాత్రి, మేము చేసిన మరో తప్పు

రెండో రాత్రి పరిస్థితి తిరగబడింది. పన్నెండు దాటాక సలైన్ సూది పీకేసి, మంచం దిగబోయారు. వార్డులో చేతులు కట్టారు. డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ అలజడిని అణచే హాలోపెరిడాల్ 5 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఇచ్చాడు. అది బలమైన మధ్యవయస్కుడికి ఇచ్చే మోతాదు. ఆవిడ మర్నాడు మధ్యాహ్నం దాకా నిద్రపోయారు, ఏమీ తినలేదు, షుగరు మళ్లీ 58కి పడింది.

ఆ కుర్రవాణ్ని తప్పుపట్టలేను. అర్ధరాత్రి నలభై మంది రోగుల మధ్య ఒక్కడే ఉన్నాడు, పెద్దవాళ్లకు మోతాదు ఎంతో రాసి ఉంచిన కాగితం వార్డులో లేదు. మధ్యాహ్నం రౌండ్లలో పొత్తికడుపు మీద చేయి పెడితే బొడ్డు దాకా గట్టిగా తగిలింది. గొట్టం వేస్తే 650 మిల్లీలీటర్ల మూత్రం వచ్చింది. ఎమిట్రిప్టిలిన్ మూత్రాన్ని బిగబడుతుందని పుస్తకంలో ఉంది, సంచిలో ఆ మాత్ర ఉందని మొదటి రాత్రే రాసుకున్నాం, రెండింటినీ కలిపి ఆలోచించలేదు. మంచం దిగబోయిన మనిషి బహుశా మూత్రానికే వెళ్లాలనుకున్నారు, మేము చేతులు కట్టి నిద్రపుచ్చాం. ఎమిట్రిప్టిలిన్ ఆపి, రెండు రోజుల తర్వాత గొట్టం తీసేస్తే మామూలుగానే పోశారు.

ఆ తర్వాత మందుల కంటే మంచం మార్చడం ఎక్కువ పనిచేసింది. కారిడార్ నుంచి కిటికీ పక్కకు మార్చాం. పక్కింటావిడను రాత్రిళ్లు పక్కనే ఉండనిచ్చాం. రాత్రి రెండు గంటలకు రక్తం తీసే అలవాటు మానేశాం. ఉదయం కుర్చీలో కూర్చోబెట్టి ఇంటి నుంచి తెచ్చిన చారన్నం పెట్టించాం. మూడో రోజు సాయంత్రానికి ఆవిడ నర్సును ఏ ఊరమ్మా మీది అని అడిగారు.

ఫారం ఎందుకు విఫలమైంది

కొడుకు అబద్ధం చెప్పలేదు. వారం రోజుల తర్వాత తీరిగ్గా కూర్చుని మాట్లాడినప్పుడు, ఆవిడను నేరుగా అడిగాను: ‘ఇంట్లో ఎవరి సాయమైనా కావలసివస్తోందా అమ్మా?’ ఆవిడ, ‘నాకెవరు చేస్తారు నాయనా, నేనే చేసుకుంటాను’ అన్నారు. ఫారంలో ఇది ‘సాయం అక్కర్లేదు’ అనే గడిలో పడుతుంది. నిజానికి ఆ మాటకు అర్థం చేసేవాళ్లు లేరని. నేను అవసరం గురించి అడిగితే ఆవిడ మనుషులున్నారా లేరా అన్నదానికి జవాబిచ్చారు. మరో ఇంట్లో ఇదే ప్రశ్న తిరగబడుతుంది: కోడలు మంచినీళ్లు కూడా చేతికందించే ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న అత్తగారికి ‘సాయం కావాలి’ అన్న మార్కు పడుతుంది, అది మర్యాద మాత్రమే అయినా. మాంట్రియల్‌లో ఒంటరిగా ఉండే వృద్ధుణ్ని ఉద్దేశించి రాసిన వాక్యాన్ని మాటకు మాట మార్చడం వల్ల వచ్చిన లోపమిది.

అప్పుడు ప్రశ్న మార్చాను: ‘ఈ మధ్య ఏ పని మానేశారు?’

ఆవిడ ఆలోచించకుండానే చెప్పారు. ముగ్గు మానేశారు. సంక్రాంతికి ఇంటి ముందు పెద్ద ముగ్గే వేశారు. ఉగాది నాటికి గొంతుక్కూర్చుంటే లేవలేక, పక్కింటి పిల్ల చేత రెండు గీతలు వేయించారు. పొయ్యి రెండు పూటలా వెలిగించడం మానేశారు, పొద్దున్న వండినదే రాత్రికి మజ్జిగ పోసుకుని తినడం, ఒక్కోసారి అదీ లేకపోవడం. నెల రోజులుగా కొట్టుకు వెళ్లడం మానేశారు, చిల్లర పోల్చుకోలేక ఒకసారి యాభైకి బదులు అయిదు వందల నోటు ఇచ్చేశారట. దొడ్లోకి వెళ్లేటప్పుడు గోడ పట్టుకుని వెళ్తున్నారు. ఫోన్‌లో కొడుకు తిన్నావా అమ్మా అని అడిగితే తిన్నానని చెబుతున్నారు. అందులోనూ అబద్ధం లేదు.

నాలుగు జవాబులు, రెండు నిమిషాలు. నడక, తిండి, లెక్క, తీసిపోయిన వేగం, అన్నీ వాటిలో ఉన్నాయి. ఈ వివరాలతో తిరిగి లెక్కిస్తే ఐసార్ ఒకటి నుంచి నాలుగుకు మారింది: జబ్బుకు ముందు సాయం అవసరం, పడ్డాక మరింత అవసరం, చూపు, మందులు.

ఇక బలహీనతను క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ మీద వేయాలి. కెనడాలోని హాలిఫాక్స్‌లో 2005లో ఏడు మెట్లతో మొదలై, తర్వాత తొమ్మిది మెట్లకు పెరిగిన కొలత ఇది. మా పీజీ విద్యార్థిని మంచం మీద ఉన్న ఆవిడను చూసి ఏడు వేసింది. ఈ స్కేల్ వాడేవారందరూ మొదట చేసే తప్పే ఇది. జబ్బు రాకముందు, సుమారు రెండు వారాల కిందట మనిషి ఎలా ఉన్నారన్నదే లెక్క. జ్వరంతో మంచాన పడితే పాతికేళ్లవాడికి కూడా ఏడు వస్తుంది. కొట్టుకు వెళ్లడం, డబ్బు, మందులు, బరువు పనులు చేతకావడం లేదు. స్నానం, చీర కట్టుకోవడం స్వయంగా చేసుకుంటున్నారు. కాబట్టి అయిదు, అంటే స్వల్ప బలహీనత. ఏడు వేసి ఉంటే ‘పెద్ద వయసు, ఇంతకంటే ఏం చేస్తాం’ అన్న ధోరణి వార్డులోకి వచ్చేసేది. అయిదు వేస్తే మళ్లీ అయిదుకు తేవడం మా బాధ్యత అవుతుంది. అంకె మీద అంత పట్టుదల అందుకే.

ఇంటికి పంపడం

మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. అమ్మ షుగరు ఎంత కంట్రోల్లో ఉందో చూడండని కొడుకు సంతోషించాడు. ఇన్నేళ్ల వయసులో, ఇంత బలహీనంగా ఉండి, గ్లిమెపిరైడ్ వేసుకునే మనిషికి 6.1 ఉంటే రోజూ ఎప్పుడో ఒకప్పుడు షుగరు ప్రమాదకరంగా పడుతోందని అనుమానించాలని ఆయనకు వివరించడానికి అరగంట పట్టింది. ఇలాంటివారికి 8 దాకా ఉన్నా మంచిదే. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, థయజైడ్, ఎమిట్రిప్టిలిన్, నొప్పి మాత్ర అన్నీ ఆపాం; టెల్మిసార్టాన్‌ను కిడ్నీ కుదుటపడేదాకా పక్కన పెట్టాం. మిగిలినవి ఎమ్లోడిపిన్ 2.5 మిల్లీగ్రాములు, అవసరమైతే పారాసిటమాల్. పాత అట్టలన్నీ కొడుకు చేతనే పారేయించాం, ఎందుకంటే ఇంట్లో మిగిలిన మాత్ర ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ నోట్లో పడుతుంది.

హైదరాబాదు తీసుకువెళ్తానని కొడుకు పట్టుబట్టాడు. ఆవిడ రానన్నారు. డెలీరియం తగ్గి, మాట స్పష్టంగా ఉన్న మనిషి తన ఇంట్లో ఉంటానంటే కాదనే హక్కు మాకు లేదని నా అభిప్రాయం. తోటి వైద్యులు కొందరు ఒప్పుకోలేదు. చివరికి కుదిరిన ఏర్పాటు చాలా మామూలుది. రాత్రి భోజనం పక్కింటి నుంచి, దానికి నెలనెలా కొడుకు డబ్బు పంపిస్తాడు. దొడ్లో కూర్చునే కుర్చీ, గోడకు ఇనుప కడ్డీ. ఆశా కార్యకర్త వారానికోసారి వెళ్లి బీపీ చూసి, మాత్రలు లెక్కపెడుతుంది. మూడో రోజున మా నర్సు ఫోన్ చేసింది, కొడుక్కి కాదు, పక్కింటావిడకు.

ఆరు వారాలకు ఓపీకి నడిచే వచ్చారు, చేతికర్రతో. క్రియాటినిన్ 1.3, సోడియం 135. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 21 సెకన్లు పట్టింది. 12 దాటితే పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. స్నానానికి ఇప్పుడు పక్కన మనిషి కావాలి. స్కేల్ మీద అయిదుగా ఉన్న ఆవిడ ఆరుకు వెళ్లారు, మళ్లీ అయిదుకు రాలేదు. పది రోజుల ఆసుపత్రి మంచం ఖరీదు అది.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

తెలుగు ఫారాన్ని తిరగరాశాం. ‘సాయం’ అన్న మాట తీసేసి, పనుల పేర్లతో అడుగుతున్నాం: కింద కూర్చుని లేవగలుగుతున్నారా, రాత్రి పొయ్యి వెలిగిస్తున్నారా, కొట్టుకో పింఛను తెచ్చుకోవడానికో ఒక్కరే వెళ్తున్నారా, పోయిన పండక్కి చేసినవాటిలో ఏం మానేశారు. మందుల ప్రశ్నకు నోటి జవాబు చెల్లదు, సంచి చూడాలి. జవాబులు ఆ మనిషితో కలిసి తినేవారివో, పక్కన ఉండేవారివో అయివుండాలి. ఫోన్‌లో ఉన్న బిడ్డ మాట రెండో సాక్ష్యం మాత్రమే. 65 దాటినవారికి కిడ్నీ వడపోత లెక్క వేయకుండా నొప్పి మాత్ర రాయకూడదు. పడిపోయి వచ్చిన ఏ పెద్దమనిషినీ, నిలబెట్టి బీపీ చూసి పది అడుగులు నడిపించకుండా గుమ్మం దాటించకూడదు. చివరి ఈ నియమాన్ని స్ట్రెచర్ తోసే సిబ్బంది అందరికంటే ముందు పట్టుకున్నారు, ‘సార్, ఈయన నడవలేదు’ అని ఇప్పుడు వాళ్లే గుర్తుచేస్తున్నారు.

దీనితో కొత్త సమస్య వచ్చింది. సరిగా అడగడం మొదలుపెట్టాక పెద్దవాళ్లలో చాలామందికి రెండు మార్కులు వచ్చేస్తున్నాయి. శుక్లాలు, నాలుగు మాత్రలు ఉంటే చాలు. ఐసార్ ఒక్కటే పెట్టుకుని ఎవరు తిరిగి ఆసుపత్రి పాలవుతారో గట్టిగా చెప్పలేమని ఇతర దేశాల అనుభవం కూడా చెబుతోంది. అందరినీ చేర్చుకునే మంచాలు మాకు లేవు, వృద్ధుల వార్డు లేదు. కాబట్టి ఫారాన్ని వడపోతగా మాత్రమే వాడి, రెండు లేదా అంతకు మించి వచ్చినవారిలో నడవలేనివారినీ, పండగకీ ఈరోజుకీ మధ్య ఏదైనా పని మానేసినవారినీ వేరుచేసి, వారికి మాత్రం సంచి చూడడం, రక్త పరీక్ష, మూడో రోజు ఫోన్ అనే మూడు పనులు చేస్తున్నాం. అంతకు మించి రాసుకుంటే ఏదీ జరగదని మొదటి రెండు నెలల టిక్కులే నేర్పాయి.

రాత్రి డ్యూటీలో ఇది ఇంకా సరిగా జరగడం లేదు. ఉదయం ఫారాల్లో ‘ముగ్గు మానేశారు’, ‘పాలు పితకడం మానేశారు’, ‘గుడికి వెళ్లడం మానేశారు’ అని చేత్తో రాసిన వాక్యాలు కనిపిస్తుంటే, రాత్రి ఫారాల్లో ఆ గడి ఖాళీగానే ఉంటోంది. వచ్చే నెల నుంచి తెల్లవారుజామున డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సు ఇద్దరూ కలిసి, రాత్రి వచ్చి ఇంకా మంచం మీదే ఉన్న పెద్దవాళ్లను ఆ ఒక్క ప్రశ్న అడగాలని నిర్ణయించాం.